ప్రచ్ఛన్న యుద్ధం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచి 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయ్యేదాకా అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ మధ్య సాగిన వైరమే ప్రచ్ఛన్న యుద్ధం. ఒక పక్షాన పెట్టుబడిదారీ వ్యవస్థ, మరో పక్షాన ప్రణాళికా ఆర్థిక విధానం, కమ్యూనిస్టు పార్టీ ఏకైక పాలన. ఏ బాటన నడిస్తే లోకం బాగుపడుతుందన్న వాదం పైకి వినిపించేది. ఐరోపా ఎవరి పలుకుబడిలో ఉండాలి, అణ్వస్త్రాల్లో ఎవరిది పైచేయి కావాలి, వలస పాలన నుంచి బయటపడుతున్న దేశాలు ఎవరి పక్కన నిలవాలి అన్నవి లోపలి తగాదాలు. ఈ నాలుగున్నర దశాబ్దాల్లో రెండు అగ్రరాజ్యాలూ ఒకదాని మీద ఒకటి యుద్ధం ప్రకటించుకోలేదు. కానీ కొరియా, వియత్నాం, అంగోలా, అఫ్ఘానిస్థాన్‌లలో లక్షలాది మంది ఈ వైరానికి బలయ్యారు. ఐరోపాలో ఫిరంగులు మోగలేదు కాబట్టి దీన్ని సుదీర్ఘ శాంతికాలంగా లెక్కగట్టిన పాశ్చాత్య చరిత్రకారులున్నారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల చరిత్ర చదివినవారికి ఆ లెక్క సరిపడదు.

మిత్రులు విడిపోయిన తీరు

అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్‌లది హిట్లర్‌ను ఓడించడానికి కలిసిన కూటమి. శత్రువు పోయాక కలిసి ఉండటానికి కారణం మిగల్లేదు. 1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ సమావేశమయ్యే సరికే ఎర్ర సైన్యం పోలెండ్‌ను దాటి జర్మనీ గడ్డ మీద అడుగుపెట్టింది. ఆ యుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. ముప్పై ఏళ్లలో రెండుసార్లు జర్మనీ దండెత్తి వచ్చింది పడమటి సరిహద్దు మీదుగానే. కాబట్టి అక్కడ తన మాట వినే ప్రభుత్వాలే ఉండాలని స్టాలిన్ పట్టుబట్టాడు. పోలెండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిపిస్తామన్న యాల్టా హామీని మాత్రం పక్కన పెట్టాడు. స్టాలిన్ భయానికి ఆధారం లేకపోలేదు. అయితే ఆ భయం తీరడానికి మూల్యం చెల్లించింది పోలెండ్, హంగరీ, చెకొస్లోవేకియా ప్రజలు. 1948 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారమంతా చేజిక్కించుకోవడంతో తూర్పు ఐరోపాలో బహుళపార్టీ ప్రజాస్వామ్యం ముగిసిపోయింది.

అమెరికా వైపు అనుమానం కూడా అంతే వేగంగా ముదిరింది. 1945 జులై 24న పోట్స్‌డామ్‌లో అమెరికా కొత్త అధ్యక్షుడు ట్రూమన్ తమ దగ్గర అసాధారణ శక్తి ఉన్న కొత్త ఆయుధం ఉందని స్టాలిన్ చెవిన వేశాడు. స్టాలిన్ పెద్దగా ఆశ్చర్యపోలేదు. బాంబు తయారవుతున్న లాస్ అలమోస్ నుంచే క్లాస్ ఫ్యూక్స్ వంటివారి ద్వారా అతనికి సమాచారం అందుతోంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికా దౌత్యాధికారి జార్జ్ కెనన్ వాషింగ్టన్‌కు ఒక సుదీర్ఘమైన తంతి పంపాడు. సోవియట్ విస్తరణను ఓపికగా, దీర్ఘకాలం పాటు నిలువరిస్తూ పోవాలన్న అమెరికా విధానానికి బీజం అక్కడ పడింది. మార్చి 5న మిస్సోరిలోని ఫుల్టన్‌లో చర్చిల్ బాల్టిక్ నుంచి ఏడ్రియాటిక్ దాకా ఇనుప తెర దిగిందని ప్రసంగించాడు. 1947 మార్చిలో గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరుతూ ట్రూమన్ అమెరికా చట్టసభ ముందుకొచ్చాడు. ఆ జూన్‌లో ప్రకటించిన మార్షల్ ప్రణాళిక కింద 1952 నాటికి పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్లు చేరాయి. తూర్పు దేశాలనూ పిలిచారు గానీ స్టాలిన్ వెళ్లనివ్వలేదు. ఐరోపా రెండుగా చీలింది ఆ నిర్ణయంతోనే అనడం తప్పు కాదు. సైనిక కూటములు తర్వాత వచ్చాయి: 1949 ఏప్రిల్‌లో 12 పాశ్చాత్య దేశాలతో నాటో, 1955 మేలో తూర్పు కూటమి వార్సా ఒప్పందం.

బెర్లిన్

ఈ వైరాన్ని ఒక్క ఊళ్లో చూపించమంటే బెర్లిన్‌నే చూపాలి. ఓడిన జర్మనీని నాలుగు ముక్కలు చేసి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ పంచుకున్నాయి. రాజధాని సోవియట్ భాగంలో లోపలెక్కడో ఉన్నా దాన్నీ నాలుగుగా పంచారు. 1948 జూన్‌లో పశ్చిమ భాగాల్లో కొత్త మార్కు కరెన్సీ ప్రవేశపెట్టడం స్టాలిన్‌కు కంటగింపైంది. జూన్ 24న పశ్చిమ బెర్లిన్‌కు పోయే రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు మూయించాడు. లోపల ఇరవై లక్షల మందికి పైగా జనం ఉన్నారు. తిండికీ బొగ్గుకూ ఆకాశం తప్ప దారి లేదు.

అమెరికా, బ్రిటన్ విమానాలు దాదాపు ఏడాది పాటు ఆ నగరాన్ని పోషించాయి. తరలించిన 23 లక్షల టన్నుల్లో సగానికి మించి బొగ్గే. మొత్తం 2.78 లక్షల ప్రయాణాలు. టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం ఇళ్ల మధ్యనే ఉండేది. రన్‌వే అంచున గుమిగూడిన పిల్లలకు గెయిల్ హాల్వర్సన్ అనే పైలట్ చేతి రుమాళ్లను చిన్న పారాచూట్లుగా కట్టి చాక్లెట్లు జారవిడిచేవాడు. మూడేళ్ల కిందట అదే నగరం మీద అవే వాయుసేనలు బాంబులు కురిపించాయి. ప్రమాదాల్లో వంద మందికి పైగా ప్రాణాలు పోయినా విమానాలు ఆగలేదు. 1949 మే 12న స్టాలిన్ దిగ్బంధం ఎత్తేశాడు. ఆ ఏడాదే జర్మనీ రెండు దేశాలైంది.

తర్వాత వలస మొదలైంది. 1949 నుంచి 1961 దాకా సుమారు 27 లక్షల మంది తూర్పు జర్మనీ విడిచి పడమటికి వెళ్లిపోయారు. వాళ్లలో వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఎందరో. బెర్లిన్‌లో సబర్బన్ రైలెక్కి నాలుగు స్టేషన్ల అవతల దిగితే చాలు, వేరే ప్రపంచం. 1961 ఆగస్టు 13 వేకువన తూర్పు జర్మనీ సైనికులు వీధులకు అడ్డంగా ముళ్లతీగ లాగారు. తర్వాత అది కాంక్రీటు గోడైంది. పశ్చిమ బెర్లిన్ చుట్టూ సుమారు 155 కిలోమీటర్ల కంచె అది. దాన్ని దాటబోయి కనీసం 140 మంది చనిపోయారు. తన పౌరులు పారిపోకుండా గోడ కట్టుకోవలసి వచ్చిన నాడే సోషలిస్టు కూటమి నైతికంగా ఓడిపోయింది. దాన్ని ఒప్పుకోవడానికి ఇంకో 28 ఏళ్లు పట్టింది.

కొరియా

1950 జూన్ 25న ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ సైన్యం రెండు కొరియాల సరిహద్దు అయిన 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణ కొరియా మీద పడింది. స్టాలిన్ అనుమతితోనే ఆ దాడి జరిగిందని తర్వాత తెరిచిన సోవియట్ పత్రాలు తేల్చాయి. అమెరికా నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి సేనలు దిగాయి. అవి చైనా సరిహద్దు దాకా వెళ్లేసరికి చైనా నాయకుడు మావో లక్షల మంది సైనికులను పంపాడు. సోవియట్ పైలట్లు చైనా, కొరియా గుర్తులు వేసిన మిగ్-15 విమానాల్లో అమెరికన్లతో గాలిలో తలపడ్డారు. ఆ సంగతి అమెరికాకు తెలుసు. బయటపెడితే పెద్ద యుద్ధం తప్పదని ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు. 1953 జులై 27న కాల్పుల విరమణ కుదిరే నాటికి ఇరవై లక్షలకు పైగా జనం చనిపోయారు, గీత మాత్రం దాదాపు మొదట ఉన్నచోటే నిలిచింది.

కాల్పుల విరమణకు పెద్ద అడ్డంకి యుద్ధ ఖైదీలు. స్వదేశానికి తిరిగి పోమని మొరాయించిన 22 వేలకు పైగా ఖైదీలను అప్పగించడానికి రెండు పక్షాలకూ నచ్చిన దేశం భారత్ ఒక్కటే. తటస్థ దేశాల సంఘానికి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షత వహించారు. కాపలాకు భారత దళం వెళ్లింది. శిబిరాల్లో ఖైదీలు ఖైదీలనే బెదిరిస్తూ, కొడుతూ ఉంటే వాళ్లను అదుపులో పెట్టడం ఆ దళం చేసిన గొప్ప పని. స్వతంత్ర భారత సైన్యం చరిత్రలో దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

అణ్వస్త్రాల పోటీ

1949 ఆగస్టు 29న కజఖ్‌స్థాన్‌లోని సెమిపలటిన్‌స్క్‌లో సోవియట్ బాంబు పేలింది. అమెరికా గుత్తాధిపత్యం నాలుగేళ్లే నిలిచింది. 1952 నవంబరులో అమెరికా ఉదజని పరికరాన్ని పేల్చింది. 1954 మార్చి 1న మార్షల్ దీవుల్లోని బికినీ వద్ద చేసిన పరీక్ష శాస్త్రవేత్తల అంచనాకు రెండింతలు మించి 15 మెగాటన్నుల శక్తితో పేలింది. తెల్లటి బూడిద రోంగెలాప్ దీవి ప్రజల మీద, దూరంలో చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద కురిసింది. పడవలోని 23 మందీ రేడియేషన్ జబ్బు పడ్డారు, ఒకరు ఆ ఏడాదే మరణించారు. 1961 అక్టోబరు 30న ఆర్కిటిక్‌లోని నొవాయా జెమ్ల్యా మీద సోవియట్ యూనియన్ పేల్చిన బాంబు శక్తి సుమారు 50 మెగాటన్నులు. మానవుడు ఇప్పటిదాకా పేల్చిన వాటిలో అదే పెద్దది. యుద్ధంలో దానికి ఏ ఉపయోగమూ లేదు. ఎదుటివాణ్ని బెదరగొట్టడానికే చేశారు.

1957 అక్టోబరు 4న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ కక్ష్యలోకి చేరడంతో పోటీ రూపు మారింది. 83.6 కిలోల ఆ గోళాన్ని ఎత్తిన రాకెట్ అణుబాంబునూ ఖండాలు దాటించగలదు. అమెరికన్లను భయపెట్టింది ఆ సంగతే. యూరి గగారిన్ అంతరిక్ష యాత్ర (1961 ఏప్రిల్ 12), అపోలో-11 చంద్రుడి మీద దిగడం (1969 జులై 20) ఈ పోటీలోంచి పుట్టిన మేలు. రెండు పక్షాలూ విమానాల్లో, భూగర్భ గొట్టాల్లో, జలాంతర్గాముల్లో అణ్వస్త్రాలు నింపుకున్నాయి. ముందు కొట్టినవాడూ బతకడన్న లెక్క మీద శాంతి నిలబడుతుందన్నారు. 1986 నాటికి ప్రపంచంలోని అణ్వస్త్రాలు సుమారు 70,000. ఆ లెక్క నిలిచింది నిజమే. కానీ ఏ క్షణాన ఏం జరిగి నిలిచిందో వివరంగా చూస్తే, ఆ ఘనత సిద్ధాంతానికి ఇవ్వడానికి మనసొప్పదు.

1962 అక్టోబరు

క్యూబాలో 1959లో ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాడు. 1961 ఏప్రిల్‌లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ శిక్షణ ఇచ్చిన ప్రవాసులు బే ఆఫ్ పిగ్స్ వద్ద దిగి చిత్తుగా ఓడారు. మళ్లీ దాడి జరుగుతుందన్న అనుమానంతోనూ, టర్కీలో అమెరికా పెట్టిన జూపిటర్ క్షిపణులకు బదులుగానూ సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ రహస్యంగా క్యూబాకు అణు క్షిపణులు పంపాడు. 1962 అక్టోబరు 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన ఛాయాచిత్రాలు వాటిని పట్టిచ్చాయి. 22న అమెరికా అధ్యక్షుడు కెనడీ టెలివిజన్‌లో ప్రసంగించి క్యూబా చుట్టూ నౌకా దిగ్బంధం ప్రకటించాడు.

ఆ సంక్షోభంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అక్టోబరు 27. మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ నడుపుతున్న యూ-2ను క్యూబా మీద సోవియట్ క్షిపణి కూల్చింది. అదే రోజు మరో యూ-2 దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. ఆ మధ్యాహ్నమే అట్లాంటిక్‌లో ఇంకో ఘటన జరుగుతోంది. వాషింగ్టన్‌కు గానీ మాస్కోకు గానీ అది తెలియదు.

బి-59 అనే సోవియట్ జలాంతర్గామిని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి రమ్మన్న సంకేతంగా చిన్న పేలుడు గుండ్లు నీటిలో వదులుతున్నాయి. ఆ జలాంతర్గామి ఎలాంటిదో తెలియాలంటే విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌కు వెళ్తే చాలు. అక్కడ మ్యూజియంగా నిలిపిన ఐఎన్ఎస్ కుర్సురా అదే తరగతికి చెందిన సోవియట్ నమూనా. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. సుమారు 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే పక్కకు ఒత్తిగిల్లి తప్పుకోవాలి. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి తలుపులోంచి నడుం వంచి, కాలెత్తి దూరాలి. గొట్టాలు, మీటర్ల మధ్యనే పడకలు. ముందు గదిలో టార్పెడో గొట్టాలు.

ఉత్తర సముద్రాల చలికి తగినట్టు కట్టిన బి-59 వెచ్చటి నీళ్లలో రోజుల తరబడి మునిగి ఉంది. లోపల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటింది. బ్యాటరీలు అడుగంటాయి, గాలి చెడింది, మనుషులు సొమ్మసిల్లుతున్నారు. మాస్కో నుంచి సందేశం లేదు. పైన యుద్ధం మొదలైందో లేదో తెలియదు. ఆ ఓడలోని టార్పెడోల్లో ఒకదానికి అణు తల ఉందన్న సంగతి పైనున్న అమెరికన్లకు తెలియదు. ఓపిక నశించిన కెప్టెన్ సావిట్‌స్కీ దాన్ని సిద్ధం చేయమన్నాడని, పక్కనే ఉన్న జలాంతర్గాముల దళం చీఫ్ ఆఫ్ స్టాఫ్ వసీలి అర్హిపొవ్ అతణ్ని శాంతింపజేసి ఓడను పైకి తేల్చేలా ఒప్పించాడని అందులో పనిచేసిన వదీం ఒర్లోవ్ తర్వాత వెల్లడించాడు. 2002లో హవానాలో జరిగిన సదస్సుతో ఈ సంగతి లోకానికి విస్తృతంగా తెలిసింది. అప్పటికి అర్హిపొవ్ చనిపోయి నాలుగేళ్లు.

ఆ రాత్రే అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను కలిశాడు. క్యూబా మీద దాడి చేయమన్న హామీ బహిరంగంగా, టర్కీలోని క్షిపణులను తీసేస్తామన్న మాట గుట్టుగా ఇచ్చారు. మర్నాడు మాస్కో రేడియోలో క్రుశ్చేవ్ అంగీకారం వినిపించింది. కెనడీ తొణకకుండా నిలబడి గెలిచాడన్న కథ అమెరికాలో చాలాకాలం నడిచింది. నిజానికి ఇద్దరూ ఒక్కో మెట్టు దిగారు. 1963లో మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య నేరుగా సంప్రదించుకునే ఏర్పాటు, ఆగస్టులో పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందం వచ్చాయి.

ఇవే రోజుల్లో హిమాలయాల్లో చైనా సేనలు భారత్ మీద పడ్డాయి (అక్టోబరు 20). క్యూబా విషయంలో చైనా మద్దతు అవసరమైన మాస్కో అక్టోబరు 25న తన పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయంలో చైనా ప్రతిపాదనలను బలపరిచింది. నెహ్రూ కెనడీని ఆయుధాలు అడగవలసి వచ్చింది. అలీన విధానానికి అంత గడ్డు పరీక్ష మళ్లీ రాలేదు.

రణరంగమైన మూడో ప్రపంచం

ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, అగ్రరాజ్యాల తగవులో నలిగింది కొత్తగా స్వతంత్రమైన దేశాలు. 1953 ఆగస్టులో ఇరాన్ ప్రధాని మొసాదెఘ్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు కలిసి దించేశాయి. చమురు పరిశ్రమను జాతీయం చేయడమే ఆయన చేసిన నేరం. మరుసటి ఏడాది గ్వాటెమాలాలో భూసంస్కరణలు తెచ్చిన అధ్యక్షుడు అర్బెంజ్ వంతు. ఆ దేశంలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారు, వారిలో అత్యధికులు మాయా తెగల ఆదివాసులు. కాంగోలో తొలి ప్రధాని పట్రిస్ లుముంబా 1961 జనవరిలో హత్యకు గురయ్యాడు. ఇండొనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న పేరుతో కనీసం అయిదు లక్షల మందిని చంపారు. అది ఆ శతాబ్దపు ఘోర హత్యాకాండల్లో ఒకటి, అయినా పడమటి రాజధానుల్లో దాని మీద నిరసన దాదాపు వినిపించలేదు. 1973 సెప్టెంబరు 11న చిలీలో ఎన్నికైన అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చింది.

సోవియట్ చేతులూ శుభ్రంగా లేవు. 1956 నవంబరులో బుడాపెస్ట్ వీధుల్లోకి, 1968 ఆగస్టులో ప్రాగ్‌లోకి ట్యాంకులు నడిచాయి. రెండు చోట్లా నలిగింది కార్మికులు, విద్యార్థులు. ఇథియోపియాలో మెంగిస్తు నియంతృత్వానికి మాస్కో ఆయుధాలు అందించింది.

వియత్నాంలో ఫ్రెంచివారు 1954 మేలో దియెన్ బియెన్ ఫూ వద్ద ఓడాక అమెరికా ఆ బరువు నెత్తికెత్తుకుంది. 1968-69 నాటికి అక్కడ అయిదు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులున్నారు. 58 వేల మంది తిరిగి రాలేదు. చనిపోయిన సాధారణ పౌరులు 20 లక్షలు, పోరాడినవారు 11 లక్షలని వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించింది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. పక్కనున్న లావోస్‌ది మరీ అన్యాయం. యుద్ధం ప్రకటించకుండానే 1964-73 మధ్య ఆ చిన్న దేశం మీద అమెరికా విమానాలు ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి.

అయితే ఈ దేశాలన్నీ ఒకరు ఆడిస్తే ఆడిన బొమ్మలు కావు. ఆస్వాన్ ఆనకట్టకు అమెరికా అప్పు ఇవ్వనంటే ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ 1956లో సూయజ్ కాలువను జాతీయం చేసి, సోవియట్ సాయంతో ఆనకట్ట కట్టాడు. అంగోలాకు సేనలు పంపే నిర్ణయం మొదట క్యూబా సొంతంగా తీసుకున్నదే. ఆ పోరు దక్షిణాఫ్రికా జాత్యహంకార పాలనను బలహీనపరిచి, 1990లో నమీబియా స్వాతంత్ర్యానికి దారి తీసింది. ప్రచ్ఛన్న యుద్ధాన్ని వాషింగ్టన్, మాస్కోల కథగానే చెబితే ఇవన్నీ జారిపోతాయి.

భారత్, తెలుగు నేల

1955 ఏప్రిల్‌లో ఇండొనేషియాలోని బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు, 1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాలు సమావేశమయ్యాయి. నెహ్రూ, టిటో, నాసర్, ఎన్‌క్రుమా, సుకర్ణో ముందు వరసలో ఉన్నారు. ఏ కూటమిలోనూ చేరకుండా ఇద్దరి దగ్గరా సాయం తీసుకోవడం భారత్ నేర్పు. భిలాయ్ ఉక్కు కర్మాగారం, బొంబాయి ఐఐటీ సోవియట్ సహకారంతో వచ్చాయి. కాన్పూర్ ఐఐటీ అమెరికా సాయంతో నిలదొక్కుకుంది. పీఎల్-480 పథకం కింద అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చేవి. 1966 కరువులో అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను ఒక్కొక్కటిగా ఆపి వదిలాడు. వియత్నాంపై భారత్ చేసిన విమర్శ ఆయనకు మింగుడుపడలేదు. తిండికి ఒకరి మీద ఆధారపడితే నోరు కట్టేసుకోవాలని ఢిల్లీ గ్రహించింది. హరిత విప్లవం మీద పట్టుదల పెరగడానికి అదొక కారణం.

తెలుగువారికి ఈ వైరం దూరపు వార్త కాదు. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగానే, 1951 తొలినాళ్లలో మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు మరో ఇద్దరు కమ్యూనిస్టు నాయకులు డాంగే, అజయ్ ఘోష్‌లతో కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆ చర్చల తర్వాత పార్టీ పంథా మారింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించారు. మాస్కో, పెకింగ్‌ల మధ్య పెరిగిన విభేదాలు 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ చీలికకు కారణాల్లో ఒకటయ్యాయి. చీలికకు ముందు కీలక సమావేశం జరిగింది తెనాలిలోనే. మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య.

హైదరాబాద్ బాలానగర్‌లో సోవియట్ సాంకేతిక సాయంతో ఏర్పడిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం అక్కడి ఔషధ పరిశ్రమకు పునాది. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి మొదట పనిచేసింది అందులోనే. విశాఖ ఉక్కు కర్మాగారానికీ సోవియట్ సహకారం ఉంది. 1971 ఆగస్టు 9న భారత్, సోవియట్ మైత్రి ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతంలోకి పంపింది. విశాఖ తీరాన మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కూడా అమెరికా నౌకాదళం నుంచి వచ్చినదే.

పుస్తకాల రంగంలోనూ పోటీ నడిచింది, ఇది మనకు మిగిలిన లాభం. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగు పుస్తకాలు అచ్చువేసేవి. ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకులు అక్కడే ఏళ్ల తరబడి ఉండి పనిచేశారు. గోర్కీ 'అమ్మ', పెరెల్మాన్ భౌతికశాస్త్రం, రంగు బొమ్మల పిల్లల కథలు విశాలాంధ్ర పుస్తక దుకాణాల్లో విద్యార్థి జేబుకు అందే ధరకు దొరికేవి. అమెరికాదీ ఒక మేలుంది. పీఎల్-480 గోధుమల కోసం భారత్ రూపాయల్లో చెల్లించిన నిధితో 1962 నుంచి అమెరికా గ్రంథాలయాలు భారతీయ భాషల పుస్తకాలు కొన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాల భాండారాలు పెరిగింది ఆ డబ్బుతోనే.

సడలింపు, మళ్లీ బిగింపు

1970లలో ఉద్రిక్తత తగ్గింది. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు. ఆ మేలో మాస్కోలో వ్యూహాత్మక ఆయుధాల పరిమితి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1975 ఆగస్టులో 35 దేశాలు హెల్సింకీ పత్రం మీద సంతకం చేశాయి. సరిహద్దులకు గుర్తింపు దొరికిందని సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ సంబరపడ్డాడు గానీ, అందులోని మానవ హక్కుల మాటే తూర్పు ఐరోపా అసమ్మతివాదులకు ఆయుధమైంది.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లో దిగడంతో ఆ దశ ముగిసింది. అమెరికా, పాకిస్థాన్, సౌదీ అరేబియా ఆ సేనలతో పోరాడుతున్న ముజాహిదీన్‌లకు డబ్బు, ఆయుధాలు పోశాయి. 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చగా 269 మంది చనిపోయారు. అదే నెల 26న మాస్కో దగ్గరి హెచ్చరికల కేంద్రంలో అమెరికా నుంచి అయిదు క్షిపణులు బయల్దేరినట్టు తెరమీద కనిపించింది. విధుల్లో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ స్తనిస్లావ్ పెత్రోవ్, నిజమైన దాడి అయిదు క్షిపణులతో మొదలుకాదని తర్కించి తప్పుడు సంకేతమని పైవారికి చెప్పాడు. మేఘాల మీద ఎండ మెరుపును ఉపగ్రహం క్షిపణులుగా పొరబడిందని తర్వాత తేలింది. అర్హిపొవ్, పెత్రోవ్‌ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

పతనం

1985 మార్చిలో గోర్బచేవ్ సోవియట్ పగ్గాలు చేపట్టేసరికి వ్యవస్థ అలసిపోయింది. చమురు ధర పడిపోయింది, అఫ్ఘాన్ యుద్ధం నెత్తురోడుతోంది, 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ పేలుడు పాలనలోని గోప్యతను నగ్నంగా నిలబెట్టింది. 1987 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్, గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం చేసుకున్నారు. ఒక తరగతి అణ్వస్త్ర వాహకాలను పూర్తిగా ధ్వంసం చేయడం అదే మొదటిసారి. 1989 ఫిబ్రవరి 15న చివరి దళాలు అఫ్ఘాన్ నేల వదిలాయి. సుమారు 15 వేల మంది సోవియట్ సైనికులు, లక్షల మంది అఫ్ఘాన్‌లు చనిపోయాక.

ఆ ఏడాది జూన్‌లో పోలెండ్ ఎన్నికల్లో సాలిడారిటీ కార్మిక సంఘం గెలిచింది. హంగరీ తన సరిహద్దు తెరిచింది. నవంబరు 9 సాయంత్రం తూర్పు బెర్లిన్‌లో పార్టీ ప్రతినిధి షబోవ్‌స్కీ విలేకరుల ముందు కొత్త ప్రయాణ నిబంధనలు చదివి, ఎప్పటి నుంచి అని అడిగితే కాగితాలు తడుముకుని వెంటనే అని చెప్పేశాడు. వేలమంది గోడ దగ్గరికి నడిచారు. పైనుంచి స్పష్టమైన ఆజ్ఞ రాక, కాల్చడానికి చేతులు రాక, కాపలావాళ్లు ద్వారాలు తెరిచారు. 1990 అక్టోబరు 3న జర్మనీ ఒక్కటైంది. 1991 ఆగస్టులో మాస్కోలో జరిగిన కుట్ర మూడు రోజుల్లో విఫలమైంది. డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు.

రీగన్ ఆయుధ పోటీ పెంచి సోవియట్‌ను దివాలా తీయించాడని ఒక వాదన. అది పాక్షిక సత్యం. ఆహారం కోసం బారులు తీరిన జనం, స్వయంనిర్ణయం కోరిన బాల్టిక్, ఉక్రెయిన్ ప్రజలు, ట్యాంకులు పంపనన్న గోర్బచేవ్ వైఖరి అంతకన్నా పెద్ద కారణాలు. 1991 జనవరిలో విల్నియస్‌లో సైన్యం 14 మందిని చంపిన మచ్చ ఆయన మీదా ఉంది. అయినా అంత పెద్ద సామ్రాజ్యం అంత తక్కువ నెత్తురుతో కూలడం చరిత్రలో అరుదు.

మిగిలిపోయినవి

కొరియాలో ఇప్పటికీ కాల్పుల విరమణే తప్ప శాంతి ఒప్పందం లేదు. లావోస్ పొలాల్లో పేలని గుళ్లు నేటికీ రైతుల, పిల్లల కాళ్లూ చేతులూ తీస్తున్నాయి. 1987 నాటి క్షిపణుల ఒప్పందం 2019 ఆగస్టులో రద్దయింది. ప్రపంచంలో ఇంకా సుమారు 12,000 అణ్వస్త్రాలున్నాయి, వాటిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి.